ఉత్తరం చదివిన కూలి

ఉత్తరం ఖర్చు ఎవరిది? రాసినవాడిదా, చదివినవాడిదా? ఈ ప్రశ్నకు ఒక్కొక్క కాలం ఒక్కొక్క జవాబు చెప్పింది. ఇంగ్లండులో 1840కి ముందు సాధారణంగా ఉత్తరం అందుకున్నవాడే సొమ్ము చెల్లించుకునేవాడు. రోలండ్ హిల్ అనే ఆయన పట్టుబట్టి ఆ పద్ధతిని తిరగేయించాడు. పంపేవాడు ముందుగానే ఒక పెన్నీ పెట్టి బిళ్ళ కొని అంటించాలన్నాడు. మన దేశంలో 1854లో అంతటికీ ఒకే రేటు, అర్ధణా, అమలులోకి వచ్చింది. బిళ్ళ లేకుండా వచ్చినది బేరింగు ఉత్తరం. దానిని అందుకున్నవాడు రెట్టింపు కట్టి విడిపించుకోవాలి. ఆ తరువాత సుమారు నూట నలభై ఏళ్ళకు మూడో జవాబు పుట్టింది. రాసినవాడే ఖర్చు భరించి, పైగా చదివినవాడికి ఎదురు డబ్బు ఇస్తాడట! ఈ మూడో జవాబు గురించీ, అది మన గంజాం దాకా నడిచివచ్చిన దారి గురించీ నాలుగు మాటలు రాద్దామని ఈ ప్రయత్నం. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. సాహిత్యపత్రికలో ఈ కూడికలూ తీసివేతలూ ఏమిటని పాఠకులు విసుక్కోకుండా ఉంటే చాలు.

గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాజధానిలో ఉండేదని మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజులలో గోపాలపురం రేవు నుంచి స్టీమర్లు రంగూనుకు వెళ్ళేవి. గంజాం, విశాఖపట్నం జిల్లాల కూలీలు వేలకు వేలు ఆ ఓడలెక్కి బర్మా బియ్యపు మిల్లులకూ రేవు పనులకూ పోయారు. అక్కడివాళ్ళు మనవాళ్ళను కోరంగీలు అన్నారు. 1942లో జపాను వాళ్ళు బర్మాను ఆక్రమించుకునేదాకా ఈ రాకపోకలు సాగాయి. మనిషి అక్కడ, ఇల్లు ఇక్కడ. మధ్యన నడిచినవి రెండే రెండు కాగితాలు: ఉత్తరం, మనియార్డరు. మనియార్డరు మన దేశంలో తపాలా శాఖ చేతికి వచ్చినది 1880లో. ఆ ఫారం అడుగున నాలుగు ముక్కలు రాసుకోవడానికి ఇంత జాగా ఉండేది. చాలా ఇళ్ళకు ఉత్తరమూ అదే, డబ్బూ అదే.

బేరింగు ఉత్తరాల మీద ఒక కథ మా పెద్దలు చెప్పేవారు. దూరదేశం వెళ్ళినవాడు ఖాళీ కవరు మీద ఇంటి పేరు రాసి, మూలన ఒక గుర్తు పెట్టి, బిళ్ళ అంటించకుండా పంపేవాడట. ఇంటిదాకా వచ్చిన ఆ కవరును ఇల్లాలు ఇటూ అటూ తిప్పి, గుర్తు చూసుకుని, ‘మాకొద్దు బాబూ, అంత డబ్బు లేదు’ అని పోస్టుమేనుకు తిరిగి ఇచ్చేసేదట. మనిషి క్షేమం అన్న కబురు పైసా ఖర్చు లేకుండా చేరిపోయింది. ఇంగ్లండులోనూ రోలండ్ హిల్ పేరు మీద ఇలాంటి కథే చెప్పుకుంటారు. బీదవాళ్ళ తెలివి ఎక్కడైనా ఒకటే కాబోలు.

ఉత్తరం చదివినందుకు కూలి పుచ్చుకున్నవాళ్ళు మన ఊళ్ళో ఈ కంప్యూటర్లకు ముందే ఉన్నారు. వారిలో నేనూ ఒకణ్ణి. డెబ్భైలలో మా వీధిలో సగం ఇళ్ళ మగవాళ్ళు ఖరగ్‌పూర్ రైల్వేలోనో, టాటానగర్‌లోనో, సూరత్ మరమగ్గాల మీదనో ఉండేవారు. వాళ్ళు రాసేది తెలుగు. ఇంట్లో ఆడవాళ్ళకు ఏ చదువూ రాదు. పిల్లలు బడిలో నేర్చేది ఒడియా. తెలుగు మాట్లాడతారుగాని అక్షరం గుర్తుపట్టలేరు. మా నాన్న ఇంట్లో కూచోబెట్టి తెలుగు చెప్పించడం వల్ల నాకు ఆ నాలుగక్షరాలు అబ్బాయి. ‘ఓరి గుంటడా, ఇలా రా, ఈ కార్డు ఒకపాలి చదివి పెట్టు నాయనా’ అని పిలిచేవారు. చదివితే పది పైసలో, బెల్లం ముక్కో. జవాబు కూడా రాసిపెడితే పావలా. ఒకే ఉత్తరాన్ని రెండుసార్లు, మూడుసార్లు చదవాలి. చదివింది పక్కింట్లో చెప్పకూడదు. అప్పు సంగతి వచ్చినప్పుడు గొంతు తగ్గించాలి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ పది పైసలు ఇచ్చింది ఎవరు? ఆ చదువు వల్ల లాభం పొందిన మనిషి. వినేవారికి కబురు అవసరం, చదివినవాడికి శ్రమ, మధ్యన పది పైసలు. లెక్క సరిపోయింది. ఇక నుంచి నేను చెప్పబోయే ప్రతి వ్యవహారంలోనూ పాఠకులు ఇదే ప్రశ్న వేసుకోవాలని నా మనవి: చదివినందుకు డబ్బిస్తున్నది ఎవరు, ఆ డబ్బు అతనికి ఎక్కడిది?

ఉత్తరానికీ ఉచితంగా వచ్చే డబ్బుకీ ముడి పడినది అమెరికాలో, 1935లో. అది గొప్ప మాంద్యం కాలం. డెన్వరు నగరంలో ఆ వసంతంలో ఒక గొలుసు ఉత్తరం బయలుదేరింది. అందులో ఆరు పేర్లు ఉంటాయి. మొదటి పేరుగలవాడికి ఒక డైము, అంటే పది సెంట్లు, పంపాలి. ఆ పేరు కొట్టేసి చివరన మన పేరు చేర్చాలి. అయిదు ప్రతులు తీసి అయిదుగురు స్నేహితులకు పంపాలి. మన పేరు పైకి ఎగబాకేసరికి 15,625 మంది మనకు తలా ఒక డైము పంపుతారు. మొత్తం 1,562 డాలర్ల 50 సెంట్లు. ఆరు అయిదులను ఒకదానితో ఒకటి హెచ్చవేస్తే వచ్చే అంకె అది. లెక్కలో తప్పు లేదు. కాని పన్నెండో మెట్టు దగ్గర ఆ హెచ్చవేత 24 కోట్లు దాటుతుంది. అప్పటి అమెరికా జనాభా 13 కోట్లయినా లేదు. డెన్వరు తపాలా కార్యాలయం మాత్రం ఆ ఉత్తరాల కింద మునిగిపోయింది.

మన వైపు వచ్చిన గొలుసు ఉత్తరాలలో డబ్బు కన్నా దైవభయం ఎక్కువ. ఇన్ని కార్డులు రాసి పంపితే లాటరీ తగులుతుంది, చింపేస్తే నష్టం కలుగుతుంది అని ఉండేది. పోస్టుకార్డు పదిహేను పైసలున్న రోజులలో ఇరవై ఒక్క కార్డులంటే మూడు రూపాయల పైచిలుకు. తపాలా శాఖకు తప్ప ఇంకెవరికీ లాభం లేదు.

ఇక ఈమెయిలు. కోరని ప్రకటనను మొదటిసారి కంప్యూటర్ల మీదుగా పంపినది 1978 మే 3న. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అమ్మకాల మనిషి గేరీ తురెక్ తమ కొత్త యంత్రాల గురించి సుమారు 400 మందికి ఒకేసారి పంపాడు. తిట్లు తిన్నాడు. అమ్మకాలూ జరిగాయి, అదే అనర్థమైపోయింది. అంతకు ఏడేళ్ళ ముందే, 1971లో, హెర్బర్ట్ సైమన్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఒక సంగతి చెప్పాడు. సమాచారం పెరిగినకొద్దీ దానిని అందుకునే మనిషి ధ్యాస తరిగిపోతుందనీ, ఇకముందు కరువంతా ఆ ధ్యాసకేననీ దాని సారాంశం. కరువు వచ్చిన వస్తువుకు ధర పలకడం సహజం. ‘మా ప్రకటన చదివితే నీ ధ్యాసకు ఇంత వెల కడతాం’ అనే వ్యాపారం అలా పుట్టింది. కాలిఫోర్నియాలో నాట్ గోల్డ్‌హేబర్ స్థాపించిన సైబర్‌గోల్డ్ ఇందులో తొలినాటిది. 1996 ప్రాంతాల పేరుకెక్కి, 2000లో మైపాయింట్స్ అనే మరో సంస్థలో కలిసిపోయింది.

1999లో వచ్చిన ఆల్‌అడ్వాంటేజ్ కథ ఇంకా చోద్యం. కంప్యూటరు తెర మీద ఒక పట్టీలో ప్రకటనలు వస్తూ ఉంటాయి, మన పని మనం చేసుకుంటూ ఉండవచ్చు, గంటకు సుమారు అర డాలరు. మనం చేర్చినవాళ్ళ గంటలలోనూ, వాళ్ళు చేర్చినవాళ్ళ గంటలలోనూ మనకు వాటా. సభ్యులు కోటి దాటారు. జనం ఊరుకుంటారా? మనిషి లేకపోయినా మౌసు తనంతట తాను కదులుతున్నట్టు చూపించే ప్రోగ్రాములు తయారుచేశారు. రాత్రంతా కంప్యూటరు ప్రకటనలు ‘చదివింది’, యజమాని నిద్రపోయాడు. ప్రకటనదారులు ఇచ్చే డబ్బుకన్నా సభ్యులకు పంచే డబ్బు ఎక్కువైంది. తేడా అంతా పెట్టుబడిదారుల జేబులోంచి వచ్చింది. 2000 మార్చి తరువాత అమెరికా షేర్ల బజారు కూలడంతో ఆ జేబు మూసుకుంది. 2001 ఫిబ్రవరిలో కొట్టు కట్టేశారు. ఈ వ్యాపారంలో మోసం లేదని నా అభిప్రాయం. తెలివితక్కువతనం ఉంది. డబ్బు కోసం చదివేవాడు సరుకు కొనేవాడు కాడు అన్న చిన్న విషయాన్ని అంత పెద్ద చదువులవాళ్ళు గ్రహించడానికి రెండేళ్ళు పట్టింది.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చినది 1995 ఆగస్టు 15న, వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా. ప్రైవేటు కంపెనీలకు 1998లో తలుపు తీశారు. ఆ తరువాత ఒకటి రెండేళ్ళకే బరంపురంలో అస్కా రోడ్డు మీదా, గాంధీనగర్ వైపూ ప్లైవుడ్ అరలు కట్టిన ఇంటర్నెట్ కొట్లు లేచాయి. గంటకు 30, 40 రూపాయలు. డిగ్రీ అయిపోయి బ్యాంకు పరీక్షలకు, రైల్వే పరీక్షలకు చదువుకునే కుర్రాళ్ళు అక్కడ కూచుని ‘ఈమెయిలు చదివితే డాలర్లు’ అనే సైట్లలో చేరేవారు. నేను అప్పుడు చిన్న ఆఫీసర్ని. ఒకరోజు ఒక కుర్రాడు 25 డాలర్ల అమెరికా చెక్కు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. కంపెనీ పేరు ఇప్పుడు అనవసరం. కుర్రాడి ముఖం చూస్తే పరీక్ష పాసైనట్టుంది. అరచేతిలో చెమటకు చెక్కు మూల మెత్తబడింది.

ఆ 25 డాలర్ల వెనుక ఏముందో అతనితోనే కూచుని లెక్క వేశాను. ఉత్తరానికి ఒక సెంటు. అంటే 2,500 ఉత్తరాలు. ఒక్కొక్కటి తెరవాలి, లోపలి లింకు నొక్కాలి, ఆ పేజీ మీద అర నిమిషం ఆగాలి. టెలిఫోను తీగ మీద వచ్చే ఇంటర్నెట్‌కు ఒక పేజీ రావడానికి నిమిషం, నిమిషంన్నర. గంటకు 30 ఉత్తరాలు దాటవు. 2,500 ఉత్తరాలకు 83 గంటలు. గంటకు 30 రూపాయల చొప్పున కొట్టువాడికి సుమారు 2,500 రూపాయలు. చెక్కు విలువ, అప్పటి 45 రూపాయల మారకంలో, 1,125. ఇది ఇంకా చేతికి వచ్చిన డబ్బు కాదు. విదేశీ చెక్కును మన దగ్గర జమచేసుకోలేం, వసూలుకు పంపాలి. మన బ్రాంచి నుంచి విదేశీ మారకం చూసే పెద్ద బ్రాంచికి, అక్కడి నుంచి అమెరికాలోని బ్యాంకుకు. వాళ్ళ చార్జీ, మన చార్జీ, తపాలా. నెలా రెండు నెలలు. కుర్రాడు ఓపికగా అంతా విని, ‘అయితే సార్, స్నేహితులను చేర్పిస్తే?’ అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నలో తరువాతి పాతికేళ్ళ చరిత్ర ఉందని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇక్కడ ఒక మాట. జనం వీటిలో పడేది దురాశ వల్ల అని పెద్దలు సులభంగా అనేస్తారు. నేను ఒప్పుకోను. మన పట్టు మగ్గాల మీద కూచునే మనిషిని అడగండి, ఒక పూట పోతే ఎంత పోతుందో పైసలతో చెబుతాడు. పరీక్ష రాసి ఫలితం కోసం రెండేళ్ళు కూచున్న కుర్రాడికీ, పిల్లలు బడికి వెళ్ళిపోయాక ఇంట్లో ఉన్న ఇల్లాలికీ తమ గంటకు విలువ సున్నా అని తోస్తుంది. సున్నా కన్నా 45 పైసలు ఎక్కువే కదా. వాళ్ళ లెక్క తప్పని చెప్పాలంటే ముందు వాళ్ళ గంటకు వేరొకరు విలువ కట్టాలి. ఆ పని మన జిల్లాలో సరిగా జరగలేదు. అందుకే సూరత్ రైళ్ళు ఇంకా నిండుగా వెళ్తున్నాయి.

2007లో బెంగుళూరులో ఎంజింజర్ అని ఒకటి మొదలైంది. సెల్‌ఫోనుకు వచ్చిన ప్రకటన ఒక్కొక్కటికి 20 పైసలు, చేర్చినవారి మీద 10, వారు చేర్చినవారి మీద 5. 300 రూపాయలు అయితే చెక్కు. అంటే ఒంటరిగా 1,500 సందేశాలు చదవాలి. సభ్యుడి దగ్గర పైసా అడగలేదు గనుక ఎవరికీ నష్టం లేదు. ఎవరూ బాగుపడిన దాఖలా కూడా నాకు తెలియదు.

ఇంతవరకు చెప్పినవాటిలో చదివేవాడు పోగొట్టుకున్నది సమయం ఒక్కటే. అసలు మలుపు, నా దృష్టిలో, చదివేవాడి దగ్గరే ముందు డబ్బు కట్టించుకోవడంతో వచ్చింది. 2010, 2011లలో దేశమంతా మోగిపోయిన స్పీక్ ఏషియా సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏడాదికి 11,000 రూపాయలు చందా. వారానికి రెండు ప్రశ్నావళులు నింపాలి, ఒక్కొక్కదానికి 500. ఏడాదికి 52,000. 2011 జూలైలో ముంబయి పోలీసులు కేసు పెట్టారు. వాళ్ళ లెక్క ప్రకారం సభ్యులు సుమారు 24 లక్షలు, సొమ్ము 2,200 కోట్ల పైన. ఇప్పుడు మన పాత ప్రశ్న వేసుకుందాం. 24 లక్షలను 52,000తో హెచ్చవేస్తే 12,480 కోట్లు. సబ్బు ఎలా ఉంది, టీవీ ఎలా ఉంది అన్న ప్రశ్నలకు ఏటా అంత డబ్బు పోసే కంపెనీలు ఏవి? ఒక సబ్బు గురించి తెలుసుకోవడానికి రెండు వేలమందిని అడిగితే చాలదా? మరి ఆ 500 ఎక్కడిది? వెనకవాడు కట్టిన 11,000లోది.

2017 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ పోలీసులు నోయిడాలో పట్టుకున్న సోషల్ ట్రేడ్ దీని తమ్ముడు. అక్కడ చదవడం కూడా లేదు, నొక్కడమే. నొక్కుకు 5 రూపాయలు. 57,500 కట్టినవాడికి రోజుకు 125 లింకులు, అంటే 625 రూపాయలు. మూడు నెలలలో అసలు వచ్చేస్తుందన్నమాట. మా బ్యాంకులో అంత డబ్బు ఏడాది ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే వచ్చే వడ్డీ అంతా అక్కడ వారం రోజుల సంపాదన. దాదాపు 7 లక్షలమంది 3,700 కోట్లు పోశారని పోలీసులు లెక్క తేల్చారు. ఆ లింకులు చాలావరకు సభ్యులవే. ఒకరి పేజీ ఒకరు నొక్కుకున్నారు.

చట్టం లేక ఇలా జరిగిందని అనుకోవద్దు. కొత్తవాళ్ళ చేరిక మీద ఆధారపడి పాతవాళ్ళకు సులువుగా డబ్బు ముట్టజెప్పే పథకాలను 1978లోనే పార్లమెంటు నిషేధించింది. ఒడిశా ప్రభుత్వం డిపాజిట్‌దారుల రక్షణకు 2011లో వేరే చట్టం చేసింది. అయినా 2014 మే నెలలో సుప్రీంకోర్టు శారదా కేసుతో పాటు ఒడిశాలోని 44 కంపెనీల వ్యవహారం సి.బి.ఐ.కి అప్పగించవలసి వచ్చింది. అదే కాలంలో విజయవాడ అగ్రిగోల్డ్ కూలింది. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, ఒడిశా తదితర రాష్ట్రాలలో సుమారు 32 లక్షలమంది, 6,380 కోట్లు. అవి చదివే పథకాలు కావు, భూములూ డిపాజిట్లూ. కాని మనవంటి సరిహద్దువాళ్ళకు ఆ కథలో ఒక ప్రత్యేకత ఉంది. ఏజెంటు తెలుగులో మాట్లాడతాడు, మన చుట్టపువాడే అయి ఉంటాడు. చుట్టూ ఒడియా వినిపించే ఊళ్ళో తెలుగు మాట ఒక హామీపత్రంలా పనిచేస్తుంది. నమ్మకానికి అది చాలు, వసూలుకు మాత్రం చాలదు. సొంత భాషవాళ్ళ మీద ఫిర్యాదు చెయ్యడానికి మనవాళ్ళు ఆలస్యం చేస్తారని కూడా నేను చూశాను.

ఇప్పటి రూపం వేరు. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఒక సందేశం వస్తుంది. ఈ వీడియో చూసి మెచ్చుకుంటే 50 రూపాయలు, ఈ హోటలుకు నక్షత్రాలు ఇస్తే 50. మొదటిరోజు 150 రూపాయలు నిజంగానే ఖాతాలో పడతాయి. నమ్మకం కుదిరాక ‘ముందు 1,000 కట్టండి, 1,300 ఇస్తాం’ అంటారు. అదీ ఇస్తారు. ఆ తరువాత 5,000, 20,000. తెర మీద లాభం పెరుగుతూ కనిపిస్తుంది, తీసుకుందామంటే ఇంకొంత పన్ను కట్టమంటారు. 2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఇలాంటివి నూరు పైచిలుకు వెబ్‌సైట్లను మూయించింది. మూసినవి మూస్తూండగానే కొత్తవి తెరుస్తున్నారు.

డబ్బు పోయినవాళ్ళు 1930 అనే నంబరుకు వెంటనే ఫోను చెయ్యాలి. గంటలలో చేస్తే దారిలో ఉన్న సొమ్మును బ్యాంకులు ఆపగలవు. రోజులు గడిస్తే కష్టం. ఇంకొక రకం బాధితులు ఉన్నారు, వీరి గురించి పత్రికలు అంతగా రాయవు. వీళ్ళు డబ్బు పోగొట్టుకోరు. వీళ్ళ ఖాతా గుండా ఇంకొకరి డబ్బు ప్రవహిస్తుంది. మా కౌంటరు దగ్గరకు ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది వీళ్ళే.

మొన్న వానాకాలంలో ఒకావిడ వచ్చింది. ఇళ్ళలో వంట చేసి కొడుకును డిగ్రీ చదివిస్తోంది. ఖాతాలో తన సొంత డబ్బు పదకొండు వేలు, ఏ.టి.ఎం.లో రావడం లేదు. చూస్తే ఆరు వారాల క్రితం రెండు రోజుల్లో 1,86,000 రూపాయలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, వచ్చినంతా వెళ్ళిపోయింది. కొడుకు ఇంట్లో కూచుని సందేశాలు చదివే ఉద్యోగమని చేరాడు. అమ్మ ఖాతా నంబరు ఇచ్చాడు, వచ్చినది చెప్పినచోటికి పంపాడు, మూడు వేలు జీతమన్నారు. ఎక్కడో దూరపు రాష్ట్రంలో ఒకరు ఫిర్యాదు చేస్తే అక్కడి పోలీసులు ఖాతా ఆపించారు. ఆ నోటీసు ఇంగ్లీషులో ఉంది. ‘ఏటి రాసేరో కొంచెం చదివి సెప్పండి బాబూ’ అంది.

చదివాను. రెండుసార్లు చదివి తెలుగులో చెప్పాను. కొడుకును పక్కన కూచోబెట్టుకుని ఆరు నెలల స్టేట్‌మెంటు తీయించి, ఏ జమ ఎవరిదో తెలియదని, ఏ సందేశం చూసి పంపాడో ఆ సందేశాల నకళ్ళు జతచేసి, ఆ స్టేషనుకు రిజిస్టరు పోస్టులోనూ ఈమెయిలులోనూ జవాబు రాయించాను. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపి, ఆవిడ కూలి డబ్బు వదలమని అడిగాము. బరంపురం సైబర్ పోలీసు స్టేషనులో కూడా కుర్రాడి చేత ఫిర్యాదు ఇప్పించమన్నాను. జవాబు ఇంకా రాలేదు. ఆవిడ ప్రతి సోమవారం వచ్చి అడిగి వెళ్తోంది.